బావిలో దూకిన ధైర్యం క్వారీ అంచున పనికొస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లెటూరు. వయసు 25. చెన్నైలో ఉద్యోగం. చిన్నప్పటి నుంచి ఎత్తులంటే భయం లేదు. మోటబావి గట్టు మీద నుంచే కాదు, పక్కనున్న వేపచెట్టు ఎక్కి కూడా దూకేవాణ్ణి. కిందటేడు దుబాయ్‌లో టాండెమ్ స్కైడైవ్ చేశాను. అప్పటి నుంచి మనసంతా బేస్ జంపింగ్ మీదే ఉంది, అంటే విమానం లేకుండా కొండ, వంతెన లాంటి ఎత్తుల నుంచి పారాచూట్‌తో దూకడం. వీడియోలు లెక్కలేనన్ని చూశాను. ఒకతను వాడిన రిగ్ (పారాచూట్, దాని సంచి, పట్టీలు) అమ్ముతానంటే అడ్వాన్సు కూడా ఇచ్చాను. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చీమకుర్తి వైపు ఒక పాత గ్రానైట్ క్వారీ నుంచి గానీ, ఉదయగిరి కొండ మీద నుంచి గానీ దూకాలని ఫ్రెండ్సూ నేనూ అనుకుంటున్నాం. అనుభవం లేకుండా కాన్ఫిడెన్స్ రాదంటారు, దూకకుండా అనుభవం రాదు కదా! ఎన్ని జంపులకు కాన్ఫిడెన్స్ వస్తుంది? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
— ఒక పాఠకుడు, ఆత్మకూరు

సమాధానం:

తమ్ముడూ, సంక్రాంతికి ఊరికి రా, పండగ చేసుకో. క్వారీకి మాత్రం వెళ్లకు. ఉదయగిరి కొండ ఎక్కాలనిపిస్తే కోట చూడటానికి ఎక్కు. ఈ విషయంలో మొహమాటానికి పోయి మెత్తగా చెప్పలేను. ఎందుకు వద్దంటున్నానో మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ ఉత్తరంలో ఒక మంచి ప్రశ్న ఉంది. దూకకుండా అనుభవం ఎలా వస్తుంది అని అడిగావు. తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి టైము దొరికే చోట వస్తుంది. ఆ చోటు విమానం. కొండ అంచు కాదు.

ముందు నీ టాండెమ్ జంప్ సంగతి చూద్దాం. ఆ రోజు నీ వెనక కట్టుకుని ఉన్న ఇన్‌స్ట్రక్టర్ ఎప్పుడు దూకాలో చూశాడు, శరీరం నిలకడగా ఉంచాడు, ఎత్తు చూసుకున్నాడు, పారాచూట్ తెరిచాడు, గాలిని బట్టి తిప్పి దించాడు. నువ్వు కాళ్లు ఎత్తి పట్టుకున్నావు. ఆ ఆనందం నిజమైనదే, కాదనను. కానీ ఆ జంప్‌లో అనుభవం పెరిగింది ఆయనకు. బావి సంగతీ అంతే. బావిలో నీళ్లున్నాయి, ఎలా పడ్డా తేలతావు. మహా అయితే పొట్ట మీద చర్మం కందిపోతుంది. నీకు భయం లేదంటున్నావే, అది నీళ్లు ఉన్నాయన్న నమ్మకం. నీళ్లు లేని చోటికి దాన్ని పట్టుకెళ్లలేవు.

ఇప్పుడు కొంచెం లెక్క చూడు. స్కైడైవింగ్‌లో కొత్తవాళ్లు సుమారు 3,000 అడుగుల ఎత్తుకు దిగేసరికి పారాచూట్ తెరవాలి. గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్నా, అక్కడి నుంచి నేలకు ఇంకా దాదాపు 17 సెకన్లు ఉంటుంది. మెయిన్ పారాచూట్ తెరుచుకోకపోతే రిజర్వ్ అనే రెండో పారాచూట్ ఉంది. స్పృహ తప్పితే దానంతట అదే రిజర్వ్ తెరిచే పరికరం ఉంది. బేస్‌లో అలా కాదు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని ట్విన్ ఫాల్స్ దగ్గర పెరీన్ వంతెన ఉంది, ఎత్తు 486 అడుగులు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వెళ్లే చోటు అదే. ఏడాది పొడవునా ప్రత్యేకంగా పర్మిషన్ లేకుండానే దూకనిస్తారు. అక్కడి నుంచి ఏమీ తెరవకుండా పడితే అయిదున్నర సెకన్లలో కింద నీళ్లు తగులుతాయి. మొదటి సెకనులో 5 మీటర్లే పడతావు, రెండో సెకను అయ్యేసరికి 20, మూడోది అయ్యేసరికి 44. ఆలోచించి నిర్ణయం తీసుకునే వ్యవధి ఇందులో ఎక్కడుంది? రిజర్వ్ ఉండదు, ఉన్నా అది తెరుచుకునే ఎత్తు మిగలదు. ఒకే పారాచూట్, అదీ నీ చేతులతో నువ్వు మడిచిందే.

అందుకే బేస్‌లో నేర్పంటే గాల్లో చూపించేది కాదు. చాలావరకు అంచు మీదే తేలిపోతుంది. విమానంలోంచి దూకితే గంటకు 130, 140 కిలోమీటర్ల వేగంతో గాలి వచ్చి మీద పడుతుంది. చెయ్యి కొంచెం కదిపితే శరీరం తిరుగుతుంది, వంకరగా వచ్చినా సర్దుకోవచ్చు. కొండ అంచునో వంతెన మీదో నిలబడి దూకితే మొదటి రెండు సెకన్లు పట్టు దొరికేంత గాలే ఉండదు. కాలివేళ్లు అంచు మీద, గడ్డం పైకి, చూపు ఎదురుగా దూరంగా, కుడి చేతిలో పైలట్ చూట్, అంటే పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్న పారాచూట్. ఆ క్షణంలో కిందికి చూసి తల వంచావా, ఆ వంపుతోనే ముందుకు పల్టీ కొడతావు. దాన్ని ఆపడానికి గాలి లేదు. ఒక భుజం కొంచెం కిందికి వాలితే పారాచూట్ పక్కకు తిరిగి తెరుచుకుంటుంది. పక్కనున్నది కొండ గోడైతే ఎదురుగా రాయి కనిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే, వెనక రైజర్లు (పారాచూట్ తాళ్లను భుజాల దగ్గర కలిపే పట్టీలు) అందుకుని వెంటనే పక్కకు తిప్పడం. బ్రేకు తాళ్ల కోసం వెతికితే ఆలస్యమైపోతుంది. ఈ పని మెదడు చెప్పి చేయించేలోగా రాయి తగులుతుంది. చేతులకు ముందే తెలిసుండాలి.

చేతులకు తెలియడానికే విమానం నుంచి వందల జంపులు కావాలి. వీడియో చూస్తే కళ్లకు తెలుస్తుంది, అంతే.

నేను పారాట్రూపర్‌గా ఆగ్రాలో శిక్షణ తీసుకున్నాను. విమానం ఎక్కించే ముందు రోజుల తరబడి నేల మీదే దొర్లించారు. రెండు కాళ్లూ జతగా, మోకాళ్లు కొద్దిగా వంచి, అరికాళ్లు తగలగానే పిక్క, తొడ, తుంటి, వీపు పక్క భాగం వరుసగా నేలకు ఆనేలా పడాలి. ఇసుక గుంటలో, చిన్న అరుగు మీద నుంచి, ఎడమకు, కుడికి, వెనక్కి. విసుగొచ్చేది. తర్వాత ఒక జంప్‌లో గాలికి వేగంగా, పక్కవాటంగా దిగాను. లేచి దుమ్ము దులుపుకున్నాక గానీ తెలియలేదు, నేను నేర్చుకున్నట్టే పడ్డానని. ఆలోచించింది నేను కాదు, శరీరం తన పని తాను చేసేసింది. పారా వింగ్స్ రావడానికి 5 జంపులు చాలు, అందులో ఒకటి రాత్రి పూట. కానీ నాకు ధైర్యం ఇచ్చింది ఛాతీ మీద బ్యాడ్జి కాదు, ఆ ఇసుక గుంట. తర్వాత విదేశాల్లో స్కైడైవింగ్, ఆపైన బేస్ నేర్చుకున్నప్పుడు కూడా ఇదే చూశాను.

ఎన్ని జంపులకు భయం పోతుందని నీ మనసులో ఉండి ఉంటుంది. పోదు, పోకూడదు. మారేది ఇంకొకటి. మొదట్లో టెన్షన్‌తో చూపు ఇరుకైపోతుంది. గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పక్కనున్నవాడు గాలి మారిందని అరిచినా చెవికెక్కదు. ఒక్కో పనీ అలవాటైపోయే కొద్దీ మనసులో చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు గాలి ఎటు ఉందో, దిగే చోట ఎవరున్నారో, పైలట్ చూట్ తాడు ఎక్కడైనా చుట్టుకుందో కనిపించడం మొదలవుతుంది. భయం ఉంటుంది, కానీ చేతిని వణికించదు. 'ఒకసారి చూసుకో' అని గుర్తు చేస్తుంది. కావలి, అల్లూరు వైపు తోపుల్లో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులను నువ్వు చూసే ఉంటావు. ఏళ్లుగా అదే చెట్టు ఎక్కుతున్నవాడు కూడా మోకును చేత్తో తడిమి, ముడి లాగి చూడకుండా మొదటి అడుగు వేయడు. వాన పడి మాను జారుతుంటే ఇవాళ వద్దులే అని వెళ్లిపోతాడు. చేయి తిరిగిన బేస్ జంపర్లూ అలాగే ఉంటారు. అంచు దాకా గంటలు నడిచి వెళ్లి, గాలి బాగాలేదని రిగ్ వీపున వేసుకుని మళ్లీ నడిచి కిందికి దిగి వచ్చేవాళ్లను చూశాను. ఎవరైనా ఎంత అనుభవస్తుడో తెలుసుకోవాలంటే ఎన్నిసార్లు దూకాడని అడగను, ఎన్నిసార్లు దూకకుండా దిగి వచ్చాడని అడుగుతాను.

ఇక దారి. హర్యానాలోని నార్నౌల్‌లో స్కైడైవింగ్ కేంద్రం ఉంది. నీకు దుబాయ్ తెలుసు కాబట్టి అక్కడైనా, థాయ్‌లాండ్ అయినా సరే, ఏఎఫ్‌ఎఫ్ అనే కోర్సుతో మొదలుపెట్టు. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు రెండు పక్కలా పట్టుకుని దూకిస్తారు, కానీ పారాచూట్ నీదే, తెరిచేది నువ్వే. అమెరికా పద్ధతిలో 25 జంపులకు ఏ లైసెన్సు, 50కి బీ, 200కి సీ, 500కి డీ. బేస్ నేర్పే మంచి శిక్షకులు సాధారణంగా 200 స్కైడైవ్‌లు అడుగుతారు. వెస్ట్ వర్జీనియాలో ఏటా అక్టోబరులో న్యూ రివర్ గార్జ్ వంతెన మీద 876 అడుగుల నుంచి దూకనిచ్చే బ్రిడ్జ్ డే జరుగుతుంది, దానికీ కనీసం 100 స్కైడైవ్‌లు ఉండాలి. ఈ అంకెలు చూసి అన్నీ మొక్కుబడిగా పూర్తి చేసేయకు. 200 జంపులూ స్నేహితులతో గాల్లో చేతులు పట్టుకుని తిరగడానికే వాడేస్తే బేస్‌కు పెద్దగా ఉపయోగం లేదు. విమానంలోంచి దిగీ దిగగానే తెరిచే జంపులు చెయ్. బేస్‌లో వాడేలాంటి ఏడు గదుల పెద్ద పారాచూట్‌తో చెయ్. తెరుచుకున్న మరుక్షణం వెనక రైజర్లతో ఎడమకు, కుడికి తిప్పడం ప్రతి జంప్‌లోనూ చెయ్. నేల మీద ఒక గుర్తు పెట్టుకుని దాని మీదే దిగు, పక్క పొలంలో దిగితే ఆ జంప్ కుదరలేదనే రాసుకో.

రాసుకో అన్నాను కదా, లాగ్‌బుక్ చాలా ముఖ్యం. తేదీ, ఎత్తు, గాలి, ఎన్ని సెకన్లకు తెరిచావు, ఎటు తిరిగి తెరుచుకుంది, దిగింది ఎక్కడ. వీడియో ఉంటే ఆ రోజే చూసి రాయి. మన జ్ఞాపకం మనకు అనుకూలంగా మాట్లాడుతుంది, పుస్తకం అలా మాట్లాడదు. వరుసగా ఎడమకే తిరిగి తెరుచుకుంటోందంటే నీ భుజంలోనో మడతలోనో ఏదో ఉందని ఆ పుస్తకమే చెబుతుంది. నాకు తెలిసి నిజమైన కాన్ఫిడెన్స్ ఆ పేజీల్లోంచే వస్తుంది.

పారాచూట్ మడవడం గురించి నీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. వీడియోల్లో అది చూపించరు కదా. కొత్తవాళ్లకు ఒక్క బేస్ ప్యాకింగ్‌కు గంట దాకా పడుతుంది. మడతలు జారకుండా క్లిప్పులు పెట్టి, కుడీ ఎడమా సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటూ, తాళ్లు తోక దగ్గరి జేబులో సర్దుకుంటూ చేయాలి. తక్కువ ఎత్తయితే స్లైడర్ (పారాచూట్ ఒక్కసారిగా తెరుచుకోకుండా ఆపే గుడ్డ ముక్క) తీసేసి పెద్ద పైలట్ చూట్, ఎక్కువసేపు పడేదైతే స్లైడర్ పైన పెట్టి చిన్నది. ఏ ఎత్తుకు ఏది అన్నది తప్పితే మిగతా నేర్పంతా వృథా. ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన పని ఇది. నువ్వు మడిచినదాన్ని ఆయన విప్పి చూసి, మళ్లీ మడవమనాలి.

మామూలు మనిషి ఇదంతా చేయగలడా అని నిరుత్సాహపడకు. ఆస్ట్రేలియాకు చెందిన హెదర్ స్వాన్ సాహస క్రీడలతో సంబంధం లేని ఉద్యోగ జీవితం నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి స్కైడైవింగ్, బేస్, పర్వతారోహణ ఒక్కొక్కటీ నేర్చుకుని, 2006లో గ్లెన్ సింగిల్‌మన్‌తో కలిసి మన ఉత్తరాఖండ్‌లోని మేరు పర్వతం మీద 6,604 మీటర్ల ఎత్తు నుంచి వింగ్‌సూట్‌తో దూకింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. మన దేశం నుంచి అర్చనా సర్దానా తొలి మహిళా బేస్ జంపర్‌గా పేరు తెచ్చుకుంది. ఆమె కూడా స్కైడైవింగ్ నేర్చుకున్నాకే బేస్‌కు వెళ్లింది.

అయితే అనుభవం కవచం కాదు, అది కూడా నీకు చెప్పాలి. బేస్ అనే పేరు పెట్టి, ఈ క్రీడకు ఒక రూపం తెచ్చినవాళ్లలో ముఖ్యుడు కార్ల్ బోనిష్. భవనం (బిల్డింగ్), యాంటెనా, వంతెన (స్పాన్), కొండ (ఎర్త్) అనే నాలుగు రకాల ఎత్తుల ఇంగ్లిష్ మొదటి అక్షరాలే బేస్. 1984 జులైలో నార్వేలోని ట్రోల్ వాల్ మీద భార్య జీన్‌తో కలిసి రికార్డు జంప్ చేశాడు. రెండు రోజులకు అదే కొండ మీద వేరే చోటు నుంచి దూకి చనిపోయాడు. కొండ అదే, అంచు వేరు. ఒక అంచు దగ్గర సంపాదించిన నమ్మకం పక్క అంచుకు చెల్లదు, అక్కడ రాయి ఎంత ముందుకు పొడుచుకు వచ్చిందో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. నార్వేలోనే క్షెరాగ్ కొండ మీద 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 జంపులను వైద్యులు పరిశీలించారు. 9 మంది చనిపోయారు, అంటే సుమారు 2,300 జంపులకు ఒకరు. అమెరికాలో 2023లో 36 లక్షలకు పైగా స్కైడైవ్‌లు జరిగితే 10 మంది చనిపోయారు. రెండింటి మధ్య తేడా చూడు. క్షెరాగ్‌లో దూకేవాళ్లు కూడా శిక్షణ ఉన్నవాళ్లే.

అనుభవం పాతబడుతుంది కూడా. ఏ లైసెన్సు ఉన్నవాళ్లు 60 రోజులు దూకకపోతే మళ్లీ ఇన్‌స్ట్రక్టర్ ముందు దూకి చూపించాలన్న సూచన అమెరికాలో ఊరికే పెట్టలేదు. కొంచెం వచ్చాక, ఇంకా పూర్తిగా రాకముందు ఒక దశ ఉంటుంది. అప్పుడే మనిషికి తన మీద తనకు నమ్మకం ఎక్కువవుతుంది. నేను ఎక్కువగా భయపడేది ఆ దశలో ఉన్నవాళ్లను చూసి. ఆ రోజుల్లో నీకంటే ముందున్నవాడు 'వద్దు' అంటే వాదించకు.

ఇప్పుడు మన క్వారీ సంగతి. గ్రానైట్‌ను మెట్లు మెట్లుగా కోస్తూ దిగుతారు. పై నుంచి చూస్తే నిలువు గోడలా అనిపిస్తుంది గానీ మధ్యలో రాతి మెట్లు బయటికి వచ్చి ఉంటాయి. పైన అంచు మీద కోసి పడేసిన రాళ్లు వదులుగా ఉంటాయి, కింద నీళ్లు నిలిచిన గుంట, దిగడానికి చదునైన జాగా ఉండదు. గుంట లోపల గాలి గోడలకు కొట్టుకుని సుడి తిరుగుతుంది. పైగా అవి లీజు భూములు, దొంగతనంగా వెళ్లినట్టే లెక్క. దెబ్బ తగిలితే ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్లడం సంగతి అటుంచు, ముందు ఆ గుంటలోంచి నిన్ను పైకి తేవడమే గంటల పని. ఉదయగిరి కొండ ఎత్తయినదే, కానీ ఎత్తు వేరు, నిలువు వేరు. అంచు కింద వాలు ఉంటే రెండు సెకన్లు పడేలోపే రాయి ఎదురొస్తుంది. సెల్ టవర్లు, కరెంటు టవర్లు అసలు తలపెట్టకు. కేంద్రం 2022లో తెచ్చిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో పారాచూటింగ్ కింద బేస్ జంపింగ్ పేరు కూడా ఉంది. అంటే శిక్షణ, అనుమతులు, భద్రత ఉండే దారిలో రమ్మని. ఎక్కడ పడితే అక్కడ దూకమని కాదు.

ఊళ్లో ఉన్నప్పుడు చేయగలిగింది చాలానే ఉంది. గాలిని చదవడం నేర్చుకో. మైపాడు బీచ్‌లో పొద్దున ఏడింటికి గాలి ఎటు ఉంది, మధ్యాహ్నం రెండింటికి ఎటు తిరిగింది, సాయంత్రం ఎంత విసురుగా వస్తోందో రాసుకో. ఎండాకాలంలో పడమటి వడగాలికీ సముద్రపు గాలికీ పోటీ జరిగే రోజుల్లో ఒక్క గంటలో దిక్కు మారిపోవడం నీ కళ్లతో చూస్తావు. సోమశిల వైపు వెళ్లినప్పుడు కొండకు గాలి తగిలే పక్కన ఎలా ఉంది, చాటు పక్కన ఎలా సుడులు తిరుగుతోంది, ఎండుటాకులు, దుమ్ము, ఇటుక బట్టీల పొగ చూసి పోల్చుకో. చూడకుండా ముందు అంచనా రాసి, తర్వాత సరిచూసుకో. కొన్నాళ్లకు నీ అంచనా ఎంతవరకు నిజమవుతోందో నీకే తెలుస్తుంది. బట్టలతో, బూట్లతో ఈదడం మంచి కోచ్ దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకో, వంతెన జంపుల్లో నీళ్లలో దిగాల్సి రావచ్చు. మోకాళ్లు, చీలమండలు గట్టిపడే వ్యాయామం చెయ్.

ఇంట్లో చెప్పు. అమ్మ ఏడుస్తుంది, నాన్న రెండు రోజులు మాట్లాడడు. చెప్పకుండా దాచి ఫోన్ స్విచాఫ్ చేసి కొండెక్కేవాడి మనసు సగం ఇంటి దగ్గరే ఉంటుంది, అంచు మీద అది ప్రమాదం. లైసెన్సు కోర్సు అని, ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడని, రెండు పారాచూట్లు ఉంటాయని వివరంగా చెప్పు. వీలైతే మొదటి రోజు వాళ్లను కూడా తీసుకెళ్లి చూపించు. మామూలు బీమా పాలసీల్లో చాలావాటికి ఇలాంటి క్రీడలు వర్తించవు, నీ పాలసీ కాగితం ఒకసారి చదువుకో.

చివరగా ఆ రిగ్. అది బేస్ రిగ్గో, స్కైడైవింగ్ రిగ్గో, నీ బరువుకు ఆ పారాచూట్ సైజు సరిపోతుందో లేదో, ఎండలో ఎన్నాళ్లు ఉందో, నైలాన్ గుడ్డ బలం ఎంత మిగిలిందో చూసి చెప్పగల పరిచయం నీకు ఇప్పుడు లేదు. అమ్మేవాడు నీ అనుభవం ఎంతో అడగకుండా అమ్ముతున్నాడంటేనే అతని దగ్గర కొనకూడదు. అడ్వాన్సు వెనక్కి అడుగు. ఇవ్వనంటే ఆ డబ్బు వదిలేసుకో గానీ రిగ్ మాత్రం ఇంటికి తెచ్చుకోకు. అల్మరాలో ఉంటే చెయ్యి ఊరుకోదు. మిగిలిన డబ్బు ఏఎఫ్‌ఎఫ్ కోర్సుకు కట్టు. ఏ లైసెన్సు వచ్చాక లాగ్‌బుక్‌లో ఆ 25 జంపుల పేజీలు ఫోటో తీసి నాకు పంపు. తర్వాతి 175 ఎలా చేయాలో అప్పుడు, నీ పేజీలు చూసి చెబుతాను.